ఏడు మెట్లు



నేను ముప్పదియైదు సంవత్సరములు పట్టణములకు పటములు గీయు ఉద్యోగము చేసినవాడను. వీధి ఎంత వెడల్పు ఉండవలెను, మురుగు ఎటు పారవలెను, బడి ఎచ్చట, సంత ఎచ్చట, పేదలకు ఇండ్లస్థలములు ఎచ్చట అని కాగితముమీద గీత గీచి చూపుట నా పని. నాకిప్పుడు డెబ్బది యేండ్లు దాటినవి. ఇన్నేండ్లలో నీవు నేర్చుకొనినది ఏమని ఎవరైన నన్ను అడిగినయెడల నేను ఏడు మెట్లను గూర్చి చెప్పుదును. అవి మా ఊరి దేవాలయపు మెట్లు. నా చదువంతయు ఆ మెట్లయొద్ద మొదలై, ముసలితనములో మరల ఆ మెట్లయొద్దకే వచ్చినది.

మాది కొల్లేటి లంక. కొల్లేరు ఎరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లములో నున్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దానిలో పడును. ఆ నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. వాన గట్టిగా పట్టిన యేట వచ్చు నీరు ఎక్కువ, పోవు నీరు తక్కువ. అందుచేత మా లంకలో అన్నియు ఎత్తుననే ఉండెడివి. ఇల్లు దిబ్బమీద, గడ్డివాము దిబ్బమీద, పశువులపాక దిబ్బమీద. దేవాలయము కట్టినప్పుడు పెద్దలు వరదనీటి జాడ చూచి, దానికంటె పైకి పునాది లేపి, ముందు ఏడు మెట్లు కట్టిరి. మెట్టుకు ఆరంగుళములు, మొత్తము మూడున్నర అడుగుల ఎత్తు. అది తెలివైన పనియే. ఏ వరదలోను మా దేవాలయములోనికి నీరు రాలేదు.

మా అక్క నాకంటె నాలుగేండ్లు పెద్దది. మూడవయేట ఆమెకు జ్వరము తగిలెను. జ్వరము విడిచెను గాని రెండు కాళ్లును చచ్చుబడిపోయెను. దానిని పోలియో అందురని ఆ దినములలో మా ఊరిలో ఎవరికిని తెలియదు. మన దేశములో ఆ వ్యాధి చివరిసారి 2011 జనవరిలో కనబడినది. 2014 మార్చిలో అది మన దేశమును విడిచిపోయినదని ప్రకటించిరి. నేను ఆ వార్త పత్రికలో చదివి వినిపించిన దినమున అక్క చాలసేపు మాటలాడలేదు.

చిన్నతనములో ఆదివారము ఆదివారము మా నాన్న ఆమెను చంకనెత్తుకొని ఆ మెట్లు ఎక్కించెడివాడు. ఆమెకు పదమూడవ యేడు వచ్చినప్పుడు ఒక ఆదివారము మెట్ల మొదట ఆమె ఆయనను ఆపెను. "ఇంక మొయ్యొద్దు నాన్నా. నలుగురూ చూస్తన్నారు. నేనిక్కడే కూర్చుంటా" అనెను. దేవాలయపు కిటికీ ప్రక్కన ఒక వేపచెట్టు ఉండెను. ఆ దినము మొదలుకొని అదియే ఆమె చోటు. లోపల పాడిన పాటలకు బయటనుండి గొంతు కలిపెడిది. సంస్కారమిచ్చు ఆదివారములలో అయ్యగారు లోపల అందరికిని ఇచ్చి, పిమ్మట మెట్లు దిగి వచ్చి ఆమెకు ఇచ్చెడివారు. ఎండ తగిలినప్పుడు ఎవరో ఒకరు గొడుగు పట్టుదురు. వాన వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఇంటికి చేర్తురు. మేమందరము దయగలవారమే. లోపలికి రాలేదని ఎవరును ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె లోపలికి వచ్చునట్లు ఎవరును ఒక్క పనియు చేయలేదు.

మార్కు సువార్త రెండవ అధ్యాయములోని పక్షవాయువుగల మనుష్యుని సంగతి మీరెరుగుదురు. అతనిని మోసికొని వచ్చిన నలుగురు జనులు క్రిక్కిరిసిన వాకిలి చూచి వెనుకకు పోలేదు. ఇంటి కప్పు విప్పిరి. ఆ భాగము మా దేవాలయములో ఎన్నిసార్లు చదివిరో! చదువుచున్న ప్రతిసారియు మా అక్క కిటికీ బయట కూర్చుండి విను చుండెను. మా ఊరిలో నలుగురు లేరా? నలువదిమంది ఉండిరి. అయితే కట్టినదానిని కొంత విప్పవలెనను తలంపు మాలో ఎవరికిని పుట్టలేదు.

నేను ఏలూరులో మిషను హాస్టలులో ఉండి చదువుకొంటిని. లంకనుండి పడవమీద గట్టు చేరి, అక్కడనుండి నడచియు బస్సుమీదను పోవలెను. ఏలూరు కాలువల ఊరు. 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టనుండి వచ్చు గోదావరి కాలువయు, బెజవాడనుండి వచ్చు కృష్ణ కాలువయు అచ్చట కలిసికొనును. సాయంకాలము కాలువ రేవులో కూర్చుండి చూచెడివాడను. రేవులో ఒక ప్రక్క మనుష్యులు దిగుటకు మెట్లు, మరియొక ప్రక్క పశువులు దిగుటకు వాలుగా నున్న బాట. బిందెలెత్తుకొనిన ముసలమ్మలు మెట్లు విడిచి, గేదెల బాటవెంట వచ్చుచుండిరి. నేను ప్రతి దినము చూచితిని గాని దాని భావము నాకు అప్పుడు తెలియలేదు.

పిమ్మట పట్టణ ప్రణాళికా విద్య చదివితిని. అచ్చట మాకు పాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లండు దేశస్థుని గూర్చి చెప్పిరి. ఆయన 1914, 1915 సంవత్సరములలో మన పాత మద్రాసు రాజధానిలోని ఊళ్లు తిరిగి చూచినవాడు. ఇరుకు వీధులను నేలమట్టము చేసి తిన్నని రోడ్లు వేయవలెనని తక్కిన ఇంజినీర్లు చెప్పుచుండగా, ఆయన ఒప్పుకొనలేదు. వైద్యుడు నాడి చూడక మందియ్యడు గదా, ఊరిలో నడచి చూడక పటమెట్లు గీయుదువని ఆయన బోధ. నేను దానిని పరీక్షలో చక్కగా వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిని. నేర్చుకొనుట మాత్రము చాల యేండ్లకు గాని జరుగలేదు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెను. వేలకొలది ప్రాణములు పోయెను. సహాయము చేయుటకు వెళ్లిన పడుచువాండ్రలో నేనును ఉంటిని. ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను దాబామీదికి చేర్చుకొని బ్రదికెను. మంచములో నున్న అత్తను చేర్చలేకపోయెను. ఆమె ఏడ్వలేదు. ఆ దాబా మెట్లవైపు చూచుచు కూర్చుండెను. ఎత్తయిన చోటు ప్రాణము కాపాడును. కాని ఎక్కగలవానినే కాపాడును. ఆ దినమున మా లంకయు, మా అక్కయు నాకు జ్ఞాపకమునకు వచ్చిరి.

అయినను ఉద్యోగములో చేరగానే నేను చేసిన మొదటి పెద్దపని ఏమో వినుడి. ఒక పట్టణములో, దాని పేరు చెప్పను, పేదలకొరకు ఒక కాలనీ పటము గీయుమని నాకు అప్పగించిరి. తిన్నని వీధులు, సమానమైన స్థలములు, నాలుగు వీధుల మూలలో ఎత్తయిన గట్టుమీద కుళాయి. చూచినవారందరు బాగున్నదనిరి. నేను చంకలో పటముతో అచ్చటికి వెళ్లి, అది నేలమీద పరచి, అందరికిని వివరించితిని. ఒక ముసలమ్మ కర్ర ఊతగా వంగి చాలసేపు చూచి, "బాబూ, అంతా బానే ఉంది. నీ బొమ్మలో మనుషులేరీ?" అని అడిగెను. అందరు నవ్విరి, నేనును నవ్వితిని. ఏడాది తరువాత మరల ఆ దారిని పోయితిని. కుళాయి గట్టు ఎక్కలేక ఆ ముసలమ్మ గిన్నె పట్టుకొని క్రింద నిలువబడి, ఎవరైన పిల్లవాడు వచ్చి నీళ్లు పట్టి ఇచ్చునా అని ఎదురు చూచుచుండెను. ఆ దినము నేను నవ్వలేదు. తప్పు నాది. మురికి కలియకుండ కుళాయిని పైకెత్తితిని గాని, ఎవరు ఎక్కలేరని తలంపలేదు.

అప్పటినుండి నేను గీతకు ముందు నడచుట నేర్చుకొంటిని. ఈ మార్గము నాకంటె ముందుగానే మన దేశములో కొందరు త్రొక్కియుండిరి. 1958లో ఢిల్లీలోను, 1967లో హైదరాబాదులోను మురికివాడల జనులను కూర్చుండబెట్టి, మీకు ముందు కావలసినదేమని అడిగి పనిచేయు పద్ధతిని ప్రారంభించిరి. 2000వ సంవత్సరమునుండి 2008 వరకు బ్రిటిషు ప్రభుత్వపు ధనసహాయముతో మన రాష్ట్రపు పెద్ద పట్టణములలో పేదలకొరకు ఒక పథకము నడిచెను. ఏలూరు వాటిలో నొకటి. ఆ పథకములో నాకు నచ్చిన నియమము ఒకటి కలదు. ఏ వాడలో బీదరికము ఎక్కువ, ఏ వాడలో నీరు, దారి, మురుగుకాలువ తక్కువ అని రెండును కలిపి లెక్కచూచి, రెంటిలోను అడుగుననున్న వాడకు ముందుగా పని చేయవలెను. గొంతు పెద్దదైన వాడకు కాదు.

వాడలోని స్త్రీలను పిలిచి నేలమీద ముగ్గుపిండితో తమ వీధులను గీయుమందుము. చదువురాని తల్లులు ఎంత చక్కగా గీచిరో చెప్పలేను. నీరు నిలుచు చోటు, దీపములేని మూల, త్రాగుబోతులు కూర్చుండు అరుగు, బాలింత ఆస్పత్రికి పోవునప్పుడు రిక్షా తిరుగని సందు, అన్నియు ఆ ముగ్గులో కనబడెను. మా పటములలో ఇవేవియు లేవు. గీచుట ముగిసిన తరువాత నేను ఒక్క ప్రశ్న అడిగెడివాడను: "అమ్మా, ఈ సభకు రానివారెవరు? ఎందుకు రాలేదు?" అప్పుడు మెల్లగా పేర్లు బయటికి వచ్చును. కన్ను కనబడని తాతగారు, మంచముపట్టిన అత్తగారు, నడుము విరిగిన తాపీపనివాడు. మరుసటి దినము మేము వారి ఇండ్లకు పోవుదుము. ఈ ప్రశ్నయే నా విద్యకు సారమని నేను అనేకమందికి బోధించితిని కూడ.

తాడేపల్లిగూడెములో ఒక హమాలీ నాకు గురువాయెను. అచ్చటి ఉల్లిపాయల మార్కెట్టు మీలో అనేకులు చూచియుందురు. లారీనుండి బస్తాలు దింపుటకు వారు ఒక చెక్కపలకను వాలుగా వేసికొందురు. రెండు పలకలున్నవి, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. ఎవరును పొట్టిదానిని ముట్టలేదు. ఎందుకని అడిగితిని. అతడు, "పలక పొట్టిదైతే నిటారుగా నిలబడుద్దండీ, నడుం పోద్ది. పొడుగు పలకేస్తే బరువు తెలీదు. ఎత్తు అదేనండీ, దారి పెద్దదవుద్ది అంతే" అనెను. చక్రపు బండికి బాట వేయునప్పుడు అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవు తగ్గకూడదని మా శాస్త్రములో వ్రాసియున్నది. ఆ లెక్క ఎందుకో నాకు పుస్తకము చెప్పలేదు; ఆ హమాలీ చెప్పెను.

ఇంత నేర్చిన తరువాత నేను చేసిన రెండవ తప్పును ఒప్పుకొనవలెను. అది మొదటిదానికంటె పెద్దది.

నేను ఉద్యోగము విరమించిన తరువాత మా ఊరి దేవాలయము శిథిలమైనందున క్రొత్తది కట్టుటకు సంఘము తీర్మానించెను. పటము గీయు భాగ్యము నాకు ఇచ్చిరి. నేల వరదకు అందకుండ పాత ఎత్తే ఉంచితిని. ముందు వెడల్పయిన ఏడు మెట్లు అందముగా పెట్టితిని. అక్కను మరువలేదు. ప్రక్క గోడవెంట సరియైన వాలుతో నలువదిరెండు అడుగుల బాట వేసి, వెనుక అయ్యగారు వస్త్రములు మార్చుకొను గదిలోనుండి లోపలికి చేర్చితిని. ప్రతిష్ఠ దినమునకు ముందు అక్కను మూడుచక్రముల బండిలో కూర్చుండబెట్టి తీసికొని వెళ్లి చూపితిని. ఆమె సంతోషించునని నా హృదయము ఉప్పొంగుచుండెను.

ఆమె బాట అంతయు చూచెను. వెనుక తలుపు చూచెను. పిమ్మట, "కొలత బానే ఉంది తమ్ముడూ. ఊరందరూ ముందు గుమ్మంలోంచి వస్తే, నేనొక్కదాన్నీ దొంగలా వెనకనించి రావాలా? నన్ను వేపచెట్టు కాడికి తీసుకుపో. అక్కడైతే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నన్ను పలకరిస్తారు" అనెను.

నాకు కోపము వచ్చెను. ఇంత చేసినను తృప్తిలేదని మనస్సులో అనుకొంటిని. ఆ రాత్రి అన్నము తినలేదు. చీకటిలో పండుకొని యుండగా, ఆ ముసలమ్మ మాట చెవిలో పడినట్లాయెను: నీ బొమ్మలో మనుషులేరీ? ఏలూరు వాడలలో ఎరుగనివారి ఇంటింటికి పోయి, మీకేమి కావలెనని అడిగితిని. నా స్వంత అక్కను, అరువదియేండ్లు నా కండ్లయెదుట చెట్టుక్రింద కూర్చుండినదానిని, ఒక్కసారియు అడుగలేదు. ఆమెకు ఏమి కావలెనో నాకు తెలియునని అనుకొంటిని. ప్రేమగలవారు చేయు తప్పు ఇదే, ప్రియులారా. ప్రేమ ఉన్నది గదా అని అడుగుట మానివేయుదుము.

తెల్లవారి లేచి ఆమెయొద్దకు పోయి, "అక్కా, నీకేం కావాలి?" అని అడిగితిని. ఆమె కొంచెముసేపు ఊరకుండెను. "నలుగురితోపాటు నడిచి రావాలిరా. నడవలేననుకో. నలుగురితోపాటు రావాలి. అంతే" అనెను.

ఆ వారము సంఘపు సభను లోపల పెట్టవద్దని పెద్దలను బ్రతిమాలితిని. వేపచెట్టు క్రింద పెట్టిరి. ఆమె ఆ సభలో కూర్చుండుట అదియే మొదటిసారి. సంగతి చెప్పగా పలువురు పలు విధములుగా మాటలాడిరి. కట్టినదానిని మరల పగులగొట్టుట ఏమని ఒకరు. డబ్బు ఎక్కడిదని ఒకరు. ఒక్క మనిషికొరకా అని ఒకరు మెల్లగా అనిరి. అప్పుడు స్త్రీలలోనుండి ఒకామె లేచి, "ఒక్క మనిషా? లెక్కెట్టండి" అని వ్రేళ్లు ముడువసాగెను. మోకాళ్ల నొప్పులవారు, నిండు చూలాండ్రు, చంటిబిడ్డల తల్లులు, కంటిపొరలవారు, రైలు ప్రమాదములో కాలు పోగొట్టుకొనిన పిల్లవాడు. ఆమె రెండు చేతుల వ్రేళ్లును చాలలేదు.

అందరు ఊరకుండగా గేదెలు కాచుకొను ఒక పెద్దాయన గొంతు సవరించుకొనెను. "నాకు పటాలూ అవీ తెలవదు. వరదొస్తే గేదెలు ఎక్కాలని దిబ్బకి మనం వాలు పోసుకున్నాం. గొడ్డుకి వాలు పోశాం. ఆ బిడ్డకి మెట్లు పెట్టాం" అనెను. ఆ మాట తరువాత సభలో ఇక వాదము లేదు.

గుమ్మమునుండి గేటువరకు ఉన్న దూరము ఇరువది అడుగులే. మూడున్నర అడుగుల ఎత్తునకు అది చాలదు. అయితే బాట గేటులోపలనే మొదలుకావలెనని ఎవరనిరి? వీధిలోనుండియే మొదలుపెట్టుదుమని పడుచువాండ్రు చెప్పిరి. అడుగునకు ఇరువది అడుగుల చొప్పున డెబ్బది అడుగుల బాట. ఎక్కుచున్నట్లే తెలియని వాలు. వీధిలో ఎవరి ఇంటియెదుటి భాగము వారు లేపుటకు ఒప్పుకొనిరి. నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయములో ఉన్న ఆ పొడుగు పేర్ల జాబితాను మనము సాధారణముగా దాటిపోవుదుము. యెరూషలేము గోడను ఎవరి ఇంటియెదుటి భాగము వారు కట్టుకొనిన విధము అందులో నున్నది. పని మొదలుపెట్టకమునుపు నెహెమ్యా రాత్రివేళ కూలిన గోడచుట్టు తిరిగి చూచెను. మంచి పట్టణ ప్రణాళికకు అంతకంటె ప్రాచీనమైన మాదిరి నాకు తెలియదు: ముందు చూచుట, పిమ్మట అందరితో చెప్పుట, పిమ్మట అందరితో కలిసి కట్టుట.

మట్టి ఎక్కడిదను ప్రశ్న వచ్చెను. కొల్లేటిని 1999లో ప్రభుత్వము అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో అది లోకమందలి ముఖ్యమైన చిత్తడినేలల రాంసార్ పట్టికలో చేరెను. 2006లో సరస్సులోని చేపలచెరువుల గట్లను తొలగించిరి. సరస్సు బ్రదుకవలెను, అది నిజము. గట్లు పోయిన యేట లంకలలో అనేక కుటుంబములు పనిలేక వలసపోయినవి, అదియు నిజము. పటముమీద ఒక గీత గీచునప్పుడు, ఆ గీతకు లోపల నివసించువాడు ఏమి తినవలెనను ప్రశ్నకు కూడ జవాబు వ్రాయవలెనని నేను అప్పుడు మరల నేర్చుకొంటిని. ఆ కారణముచేత సరస్సులో పార వేయలేదు. పాత దేవాలయపు ఇటుకముక్కలు, ఊరి మురుగుకాలువలో పూడిక తీసిన మట్టి బండ్లతో తోలి, దిమ్మిసలతో కొట్టిరి. వాననీరు ఆగకుండ అడుగున రెండు తూములు పెట్టిరి. ప్రక్కలకు ఇనుపగొట్టముల చేపట్లు. పైన జారకుండ గరుకుగా సిమెంటు. సగము దారిలో, వేపచెట్టు క్రింద, ఆగి అలుపు తీర్చుకొనుటకు చదునైన చోటు. ఎండకాలమంతయు పని జరిగెను.

పెంతెకొస్తు ఆదివారమున అక్క తన బండిని తన చేతులతో త్రిప్పుకొనుచు వీధిలోనుండి బయలుదేరెను. వెనుకనుండి నెట్టబోయిన పిల్లలను వద్దనెను. ఆమెతోపాటు కర్రల తాతలు, చంటిబిడ్డల తల్లులు, అందరు ఆ బాటనే వచ్చిరి. ఏడు మెట్లు ప్రక్కన ఖాళీగా ఉండెను. గుమ్మముదాటి లోపలికి వచ్చి ఆమె నడిమి దారిలో ఆగెను. ఎవరికొరకో వెదకుచున్నట్లు ఇటు అటు చూచెను. ఆరాధన తరువాత ఎందుకని అడిగితిని. "ఇన్నేళ్లూ పాటలు కిటికీలోంచి వచ్చేవి తమ్ముడూ. ఏ గొంతు ఎవరిదో తెలుసు గానీ, పాడేటప్పుడు మొహాలు ఎలా ఉంటాయో తెలవదు. చూసుకున్నా" అనెను.

మూడేండ్ల తరువాత ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆ బాటమీదనే ఆమె పెట్టెను నలుగురు మోసికొని దిగిరి. ఎవరి కాలును తడబడలేదు.

ప్రియ సహోదర సహోదరీలారా, 2011 జనాభా లెక్కలలో మన దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులున్నారని వ్రాసిరి. ఏ మీటింగునకైనను, ఏ కార్యాలయమునకైనను వారు రాగలిగియుండవలెనని 2016లో చట్టము కూడ చేసిరి. గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయరాదని లేవీయకాండములో ఎన్నడో చెప్పబడినది. అయితే చట్టము మన ఊరి గుమ్మమువరకు రావలెనన్న మనమే నడిపించుకొని రావలెను. దీనికి పెద్ద ఇంజినీరు అక్కరలేదు. ఒక కొలత టేపు, ఒక పొడుగు తాడు చాలును. అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల బాట, స్థలమున్న ఇంకను పొడుగు. నాలుగడుగులకు తగ్గని వెడల్పు. మూడడుగుల గుమ్మము. గడప తీసివేయుడి, లేదా దానికి ఇరువైపుల చిన్న వాలు పోయుడి. రెండు ప్రక్కల పట్టుకొనుటకు చేపట్టు. బోరింగుగట్టుకు, మరుగుదొడ్డికి, బడికి, పంచాయతీ గదికి ఇదే లెక్క. అన్నిటికంటె ముందు, ఎవరికొరకు కట్టుచున్నారో వారిని అడుగుడి. అడుగకుండ కట్టినవాడను నేను. నా మాట నమ్ముడి.

వచ్చు ఆదివారము గంట కొట్టిన తరువాత, మొదటి పాటకు ముందు, ఒక్క నిమిషము గుమ్మమునొద్దకు వచ్చి నిలువబడి చూడుడి. చెట్టుక్రింద ఎవరైన కూర్చుండియున్నారా? ఎవరును లేనియెడల తొందరపడి సంతోషింపకుడి. చెట్టువరకైనను రాలేక ఏ ఇంటిలో ఎవరున్నారో కనుగొని, ఆ సాయంకాలమే వారి ఇంటికి పోయి, మంచము ప్రక్కన కూర్చుండి అడుగుడి.